ముక్కు కాపలా

సాయంత్రం ప్రెస్సు నుంచి ఇంటికొచ్చిన మొగుణ్ణి అక్క గుమ్మంలోనే ఆపుతుంది. ఆపడమంటే చెయ్యి అడ్డం పెట్టదు, నోరు తెరవదు. వచ్చి ఎదురుగా నిలబడుతుంది, అంతే. బావ చెప్పులు విప్పి, గడ్డం పైకెత్తి, సంతలో పళ్ళు చూపించే ఎద్దులా ఓపిగ్గా నిలబడతాడు. అక్క మునివేళ్ళ మీద లేచి మెడ దగ్గర ఒకసారి, నోటి దగ్గర ఒకసారి వాసన చూస్తుంది. సిరా, కిరసనాయిలు, చెమట, ఎప్పుడో తాగిన టీ. అవి తప్ప ఇంకేమీ లేవని తేలాక పక్కకి జరుగుతుంది. అప్పుడు బావ లోపలికి పోతాడు. ఏడాది దాటింది, ఒక్క రోజు తప్పలేదు. వాళ్ళ కూతురు పిడుగు ఈ తతంగం చూసి చూసి, బడిలో పిల్లలు అమ్మా నాన్నల ఆట ఆడుతుంటే ముందు ముక్కు చాచుకుని బయల్దేరుతుంది.

ఆ తలుపు వెనక ఒక నీలం సంచి ఉంటుంది. బావ చివరిసారి తాగొచ్చిన రోజున అక్క సర్దిన సంచి. తన బట్టలు కొన్ని, పిడుగు గౌన్లు కొన్ని. "ఇంకొక్కసారి ఆ వాసన ఈ గుమ్మం లోపలికొచ్చిందంటే, ఈ సంచి గుమ్మం బయటికి పోతుంది" అని ఆ రోజు చెప్పింది. మళ్ళీ చెప్పలేదు. చెప్పాల్సిన మాట రోజూ ఆ సంచే చెబుతోంది. లోపలున్న గౌన్లు పిడుగుకి పట్టడం మానేసి చాలా కాలమైంది. అయినా దాన్ని ఎవరూ కదపలేదు.

ఇక తమ్ముడు. అక్కా వాళ్ళింటికి రెండు వీధుల అవతల ఒక గదిలో ఉంటాడు. కంప్యూటరు పలక మీద పెన్నుతో బొమ్మలు వేసి బతుకుతాడు. పుట్టుకతోనే ఆకుపచ్చకీ మట్టిరంగుకీ తేడా తెలియని కళ్ళు వాడివి. అలాంటివాడు రంగుల పనిలో ఎలా నెట్టుకొస్తున్నాడంటారా? ముక్కుతో. వాడు వేసిన వాటికి వాసన ఉంటుంది. రంగు కుదిరితే ఆ వస్తువు వాసన వస్తుంది, కుదరకపోతే ఉడకబెట్టిన గడ్డి కంపు కొడుతుంది. చిన్నప్పుడు గోడ మీద చేపని గీస్తే వీధిలో పిల్లులన్నీ వచ్చి గోడ ముందు సభ పెట్టాయి. వాళ్ళమ్మ వీపు మీద ఒకటిచ్చి గోడ కడిగించింది. గోడ పాడుచేశాడని కొట్టిందే తప్ప చేప కంపుకొట్టిందని కాదు. పెద్దయ్యాక ఒక ఆఫీసులో ముక్కిన పాత బూట్ల బొమ్మ వేసినప్పుడు అందరూ కిటికీలు తెరిచారు, సబ్బు బొమ్మ వేసినప్పుడు మూసుకున్నారు. అంతకుమించి దాని గురించి ఎవరూ మాట్లాడుకోలేదు. ఎవరి పని వాళ్ళకి ఉంటుంది కదా.

అలాంటివాడికి కొత్తగా బారు తెరుస్తున్న ఒక ఆసామి పని ఇచ్చాడు. ఆబ్సింత్ అని ఒక ఆకుపచ్చ మందు. చేదాకూ సోంపూ వేసి కాస్తారు. దాన్ని ఊరికే తాగరు, దానికో పూజంత కార్యక్రమం ఉంది. గ్లాసు మీద చిల్లుల చెంచా పెట్టి, దాని మీద చక్కెర బిళ్ళ పెట్టి, గాజుకూజాకున్న చిన్న కుళాయి తిప్పి చుక్క చుక్కగా చల్లటి నీళ్ళు వదలాలి. నీళ్ళు తగిలేసరికి పచ్చగా నిగనిగలాడేది కాస్తా పాలలాగా మబ్బేస్తుంది. ఆ మందుకి వెనకటి రోజుల్లో వేసిన పోస్టర్లు తమ్ముడికి ప్రాణం. వంకీలు తిరిగిన అక్షరాలు, తీగల్లా సాగిపోయే జుట్టుతో ఆకుపచ్చ గౌను అమ్మాయి, రాతి మీంచి అచ్చు తీసిన గరుకు చుక్కలు. ఆ చుక్కల కోసమే వాడు పలకలో ఒక బ్రష్షుని ప్రత్యేకంగా తయారుచేసుకున్నాడు. బారు గోడకి ఒక నిలువెత్తు బొమ్మ, వీధుల్లో అంటించడానికి పోస్టర్లు, ఇదీ ఒప్పందం. గోడ బొమ్మ వేరే చోట. పోస్టర్లు మాత్రం బావ మిషను నడిపే ప్రెస్సులో.

ఆ ఆఖరి ముక్క అక్క చెవిన పడింది. మర్నాడే తమ్ముడి గదికొచ్చింది. వచ్చి, గుమ్మంలోనే ఆగిపోయింది.

"తాగావా?"

"నేను కాదే. బొమ్మ."

అక్క పలక దగ్గరికెళ్ళి వంగింది. తెర మీద గ్లాసు, చెంచా, వేలాడుతున్న నీటి చుక్క. వాసన చూసి నిటారుగా లేచింది. మొహం గట్టిపడింది.

"దీన్నేనా మీ బావ అచ్చు వెయ్యబోయేది?"

"ఊఁ."

"పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఆయన ఆ మిషను పక్కనే నిలబడతారు. ఒంటికీ, బట్టలకీ, జుట్టుకీ ఇదే పడుతుంది. అప్పుడు గుమ్మంలో నేనేం వాసన చూడాలి? అది నీ బొమ్మ కంపో, ఆయన నోటి కంపో నాకెలా తెలియాలి?"

"బావ తాగడే."

"నీకు నమ్మకం ఉంది. నాకు ముక్కుంది. ఆ ఇంటికి ఉన్న కాపలా అదొక్కటే. దాని కళ్ళకి గంతలు కట్టకు."

ముక్కుకి కళ్ళెక్కడివే అనబోయి తమ్ముడు నాలిక్కరుచుకున్నాడు. అక్క కళ్ళలో నీళ్ళు లేవు. ఉంటే బావుండేదనిపించేంత పొడిగా ఉన్నాయి. జోకు వేసే వేళ కాదని వాడికి కూడా తెలిసింది.

అప్పటికప్పుడు అక్క ముందే ఆ ఆకుపచ్చని కాస్త అటు జరిపాడు, కాస్త ఇటు జరిపాడు. సారా వాసన పల్చబడి, సోంపు పోయి, చివరికి గడ్డి కంపు తేలింది. "గోడకి అది, పోస్టర్లకి ఇది. సరేనా? బొమ్మ అదే, వాసనే వేరు."

అక్క వంగి పీల్చి, ముక్కు మూసుకుంది. "చండాలంగా ఉంది. ఇదే వెయ్యి. బావుంది."

అంతవరకూ సవ్యంగానే జరిగింది. చెడగొట్టింది పిడుగు. బడి నుంచి పట్టుకొచ్చిన జలుబుని మేనమామకి ప్రేమగా అంటించి తను లేచి ఆడుకోడానికి పోయింది. తమ్ముడి ముక్కు రెండువైపులా బిరడా వేసినట్టు మూసుకుపోయింది. బొమ్మలో ఇంకా ఒక మనిషి మిగిలి ఉన్నాడు. గ్లాసు ముందు కూర్చుని, చుక్క ఎప్పుడు పడుతుందా అని చూస్తున్న మనిషి. అలాంటి చూపు తమ్ముడు దగ్గరగా చూసింది ఒక్కరిలోనే. అందుకని బావనే వేశాడు. వేసి భయపడి మీసం పెట్టాడు, టోపీ పెట్టాడు, ముక్కు సాగదీశాడు. చొక్కా ఒక్కటీ మార్చలేదు. తెల్ల చొక్కా మీద నీలం చారలు. పాతకాలపు బొమ్మకి చారలు భలే కుదురుతాయి. పైగా నీలం వాడి కళ్ళకి చక్కగా ఆనే రంగు. ఒక్కొక్క చారా గీశాడు, భుజం మీద తడిసిన మరకతో సహా. దాని వాసన ఎలా ఉందో చూద్దామంటే ముక్కు లేదు. బారు ఆసామికి ఫోన్లో పంపితే బ్రహ్మాండం అన్నాడు. ఫోన్లో వాసన పల్చగా వస్తుంది, ఉతికేసిన అత్తరు గుడ్డలాగా.

ప్రెస్సుకి బయల్దేరే ముందు ఫైళ్ళు తెరిచాడు. బొమ్మలు వేసేవాళ్ళందరికీ ఉన్న జబ్బే వాడికీ ఉంది. 'ఫైనల్', 'ఫైనల్ కొత్తది', 'ఫైనల్ ఇదే', 'ఫైనల్ ఇదే ఒట్టు'. ఒట్టు పెట్టింది గోడదా, గడ్డిదా? రెండూ పక్కపక్కన పెట్టి చూశాడు. వాడి కళ్ళకి రెండూ మట్టే. తెరకి ముక్కు ఆనించి పీల్చాడు, చీమిడి తప్ప ఏమీ రాలేదు. రంగుల అంకెలు తీసి చూశాడు. ముక్కుండగా అంకెలెందుకని ఎప్పుడూ గుర్తుపెట్టుకోలేదాయె, అవీ పలకలేదు. అక్కని పిలుద్దామా అనుకున్నాడు. పిలిస్తే, ఆ చొక్కాని చూస్తుంది. వద్దులే అనుకుని, ఒట్టు వేసింది ఉత్తినే ఉంటుందా అని దాన్నే పట్టుకుపోయాడు.

ప్రెస్సులో ప్లేట్లు బిగించేటప్పుడు కూడా తెలియలేదు. ప్లేట్లకి వాసన ఉండదు, రంగు పడాలి. బావ రోలర్లు సరిచూసి, కిరసనాయిలు గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు. ప్రెస్సులో అందరూ పిన్నీ అని పిలిచే, కాగితాలు సర్దే ఆవిడ కట్ట విదిలించి పెట్టింది. బారు ఆసామి అప్పుడే దిగాడు, చంకలో ఒక తోలుపెట్టెతో. మిషను కదిలింది. కాగితాలు ఒకదాని మీద ఒకటి వచ్చి పడుతున్నాయి. తమ్ముడు కాగితాలు చూడలేదు. మొహాలు చూస్తున్నాడు.

మొదట పిన్ని మొహం ముడుచుకుంది. "ఎవరండీ సోంపు నమిలింది?"

"గడ్డి వాసనా పిన్నీ?" అన్నాడు తమ్ముడు ఆశగా.

"గడ్డేంటి నాయనా, సారా! ఘాటుగా!"

ఆసామి కళ్ళు మూసుకుని గుండెల నిండా పీల్చాడు. బావ చెయ్యి మీట మీద అలాగే ఉండిపోయింది. మిషను ఆగింది. ఆగినా, కొత్తగా ఏమీ అచ్చు కాకపోయినా, గదిలో వాసన పెరుగుతూనే ఉందని తమ్ముడికి వాళ్ళ ముక్కుపుటాలని బట్టి తెలిసింది.

"ఫైలు మారిపోయింది బావా. ఇప్పుడే వెళ్ళి తెచ్చేస్తా..."

"ఏం మారలేదు!" ఆసామి అరిచాడు. "ఇంతకన్నా ఏం కావాలయ్యా? వీధిలో పోయేవాడు ఆగిపోవాలి. ఇదే నడపండి."

"సార్, గోడకి ఇదే ఇస్తాను. పోస్టర్లకి మాత్రం..."

"పోస్టర్లకి ఆ గడ్డి కంపుకొట్టేది ఇద్దామనుకున్నావా? ఎందుకూ?"

ఎందుకో చెప్పాలంటే బావ ముందే చెప్పాలి. తమ్ముడు బావ దగ్గరికి జరిగి గొణిగాడు. "బావా, అక్క సాయంత్రం..."

బావ వాడివైపు చూడలేదు. కాగితాల కట్టనే చూస్తున్నాడు. చిన్నగా నవ్వాడు. "మీ అక్క ముక్కుకి ఇవాళ సెలవు, బామ్మర్దీ."

అది జోకో కాదో తమ్ముడు పసిగట్టలేకపోయాడు. ఇంట్లో జోకులన్నిటికీ గుత్తేదారు వాడే, అలాంటిది.

ఆసామి తోలుపెట్టె తెరిచాడు. సీసా, చిల్లుల చెంచా, చక్కెర బిళ్ళలు, ఒక చిన్న కూజా. "అసలుకీ బొమ్మకీ ఎంత పోలికుందో చూద్దాం" అంటూ కాగితాల బల్ల మీదే గ్లాసు పెట్టి పోశాడు. చెంచా పెట్టాడు, చక్కెర పెట్టాడు. కూజా వంచాడు. చుక్క. చుక్క. గ్లాసులో అడుగు నుంచి తెల్లటి మబ్బు లేచింది. బావ చూస్తున్నాడు. బొమ్మలో మనిషి ఎలా చూస్తున్నాడో అలాగే.

"తీసుకో," అన్నాడు ఆసామి. "మిషను నడిపే చేతికి పోలిక తెలియాలి. ఒక్క గుక్క. గదంతా ఇదే వాసన, ఎవరు కనిపెడతారు?"

ఆ మాట ఎవరో ఒకరు అంటారని తమ్ముడికి తెలుసు. ఇంత నవ్వుతూ అంటారని తెలియదు.

"నేను తాగుతా సార్, ఇటివ్వండి," అని చెయ్యి చాపాడు.

"జలుబు ముక్కుకి ఏం తెలుస్తుందయ్యా?"

బావ గ్లాసు అందుకున్నాడు. పిన్ని కాగితాలు సర్దడం ఆపేసింది. ఆమెకీ తెలుసు, ఏడాది కిందట ఆ మనిషి ఎలా ఉండేవాడో. గ్లాసు గడ్డం దాకా వెళ్ళింది.

"ఆగాగు, ముందు బొమ్మ," అన్నాడు ఆసామి, రుచుల మాస్టారిలా. "ముందు బొమ్మ వాసన, తర్వాత అసలు. అప్పుడే తేడా తెలుస్తుంది."

బావ రెండో చేత్తో ఒక కాగితం తీశాడు. గ్లాసు బొమ్మ దగ్గర పీల్చాడు, కళ్ళు అరమోడ్పులయ్యాయి. అక్కణ్ణించి ముక్కు పక్కకి జారింది, కుర్చీలో మనిషి మీదికి. అక్కడ ఆగింది. కాగితం దించలేదు. ఇంకాస్త దగ్గరికి లాక్కున్నాడు. చూసేవాళ్ళకి ఆయన కాగితంలో మొహం దాచుకున్నట్టు ఉంది.

కాగితం వెనక నుంచే అడిగాడు. "ఈ చొక్కా ఎవరిదిరా?"

తమ్ముడు తుమ్మాడు. "నీదే బావా. చారలు బావున్నాయని..."

ఆ చొక్కా బావ చివరిసారి తాగిన రోజు వేసుకున్నది. పిడుగుని బడి నుంచి తీసుకురావడానికి బయల్దేరి, దారిలో ఆగాడు. వాన పట్టుకుంది. ఇక చాలని లేచి వెళ్ళేసరికి బడి గేటు మూసేసి ఉంది. గేటు బయట పిల్ల, పుస్తకాల సంచి నెత్తిన పెట్టుకుని. ఏడవలేదు. "దారి మర్చిపోయావా నాన్నా?" అని మాత్రం అడిగింది. భుజాన వేసుకుని ఇంటికొస్తే తలుపు తీసింది అప్పటికి అక్కడే ఉన్న తమ్ముడే. ఆ చారల భుజం మీంచి పిల్లని అందుకున్నదీ వాడే. నీళ్ళోడుతున్న రిబ్బన్లు, నానిపోయిన పుస్తకాలు, సుద్దముక్కలు, చలికి వణుకుతున్న పిల్ల వేడి ఊపిరి. ఆ మరకలో ఉన్న వాసనంతా అదే. ఒక్కటీ వదలకుండా అచ్చులోకి దిగిపోయింది.

బావ కాగితాన్ని బల్ల మీద పెట్టాడు. గ్లాసుని కాసేపు చూశాడు. తర్వాత వెనక్కి తిరిగి, మేకుకి తగిలించిన గుడ్డ తీసుకుని, గ్లాసులోదంతా దాని మీద ఒంపాడు. ఆగి ఉన్న మిషను మీదికి వంగి, రోలరు అంచున గట్టిపడ్డ సిరాని రుద్దడం మొదలుపెట్టాడు.

"మంచి సరుకు సార్," అన్నాడు. "కిరసనాయిలు కన్నా బాగా వదులుతోంది."

పిన్ని ఫక్కున నవ్వి, నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. "సీసా కూడా ఇటివ్వండి బాబూ, ఆ రెండో మిషను కూడా జిడ్డుగా ఉంది."

ఆసామి సీసాని గుండెలకి హత్తుకున్నాడు.

"బావా, ఇప్పుడైనా ఫైలు మార్చి తెస్తా. అక్కకేం చెబుతాం?" అన్నాడు తమ్ముడు.

"వద్దు. ఇదే నడుపుదాం." బావ మీట మీద చెయ్యి వేశాడు. "గ్లాసు పక్కన ఆ చొక్కా కూడా ఉందిగా. పర్లేదు."

సాయంత్రం ఇద్దరూ కలిసే వెళ్ళారు. దారిలో ఎదురైనవాళ్ళు బావకి చోటిచ్చి పక్కకి తప్పుకున్నారు. దాన్నిబట్టి ఎంత కంపుకొడుతున్నాడో తమ్ముడికి అర్థమైంది. పైగా ఆ గుడ్డ పట్టుకున్న చేతులకి బొమ్మది కాదు, అసలుది అంటుకుని ఉంది. సాక్ష్యం చెప్పడానికి తను ఉన్నాడు. సాక్షికి ముక్కు లేదు.

అక్క వచ్చి ఎదురుగా నిలబడింది. బావ గడ్డం పైకెత్తాడు. మునివేళ్ళ మీద లేవక్కర్లేకపోయింది. రెండడుగుల దూరం నుంచే ఆమె మొహంలో రక్తం దిగిపోయింది. చూపు తలుపు వెనక్కి వెళ్ళింది.

"అక్కా, తప్పు నాది, ఆ ఫైలు..."

"నువ్వుండు." మొగుడి మొహంలోకి చూసింది. ఏడాదిలో మొదటిసారి ముక్కుతో కాకుండా నోటితో అడిగింది. "తాగారా?"

"లేదు."

"ఎలా నమ్మను?"

బావ జేబులోంచి మడతపెట్టిన పోస్టరు తీసి ఇచ్చాడు. అక్క దాన్ని విసురుగా విప్పింది. గ్లాసు దగ్గర వాసన చూసి పళ్ళు కొరుక్కుంది. చారల చొక్కా కనిపించింది. తమ్ముడివైపు ఒక్క చూపు చూసింది, వాడు మళ్ళీ తుమ్మాడు. ఆమె కాగితాన్ని మొహానికి దగ్గరగా తీసుకుంది.

ఇంతలో పిడుగు వచ్చి అమ్మ చేతుల మధ్యలోంచి తల దూర్చింది. పీల్చింది. "నా రిబ్బను వాసన! అమ్మా, ఆ రోజుది. నాన్న దారి మర్చిపోయాడు చూడు, ఆ రోజు!"

అక్క కాగితం దించలేదు. దాని వెనక నుంచే అడిగింది. "పొద్దుటి నుంచీ దీని పక్కనే ఉన్నారా?"

"ఊఁ."

"ఒక్కదాంట్లోనేనా ఇది?"

"అన్నిట్లోనూ," అన్నాడు బావ. "ప్రతి కాగితంలోనూ."

అక్క పక్కకి జరిగింది. నమ్మానని అనలేదు, లేదనీ అనలేదు. పోస్టరుని ఉన్న మడతల మీదే మళ్ళీ మడిచింది.

మర్నాడు సాయంత్రం బావ మామూలుగా వచ్చాడు. చెప్పులు విప్పాడు. గడ్డం పైకెత్తి గుమ్మంలో నిలబడ్డాడు. ఎవరూ రాలేదు. కాసేపు అలాగే పైకప్పు వైపు చూస్తూ ఉన్నాడు. మెడ నొప్పెట్టి దించేసరికి తలుపు వెనక చోటు బోసిగా కనిపించింది. అక్క లోపల నేల మీద కూర్చుని ఉంది. పక్కన నీలం సంచి నోరు తెరుచుకుని పడి ఉంది. ఒళ్ళో పిడుగు పొట్టి గౌన్లు. ఒక్కొక్కదాన్నీ కుట్ల దగ్గర పట్టి పర్రున చింపుతోంది.

తలెత్తకుండానే అంది. "ఏంటండీ అలా దారికి అడ్డంగా? లోపలికి రండి. ఈ గుడ్డలు రేపు ప్రెస్సుకి పట్టుకెళ్ళండి, మిషను తుడుచుకోడానికి పనికొస్తాయి."